బండికి అరుగు

రేఖ అనే అమ్మాయి నెల రోజులుగా నాకు ఫోన్ చేస్తోంది. బండి కొన్న షోరూం తరఫున మాట్లాడుతుంది. మీ బండి వారంటీ త్వరలో అయిపోతుంది సర్, ఇంకో రెండేళ్ళు పొడిగించుకోండి అంటుంది. దేనికి వర్తిస్తుందమ్మా అంటే ఇంజనుకి సర్ అంటుంది. సెన్సర్లకో అంటే కండిషన్లు ఉంటాయి సర్ అంటుంది. ఆ కండిషన్లేమిటి అంటే లైన్లో ఉండమని సంగీతం పెడుతుంది. ఒకసారి ఆ సంగీతం వింటూ బెండకాయలన్నీ తరిగేశాను, ఆమె తిరిగి రాలేదు. ఒకటి మాత్రం చెప్పాలి. నేను ఎన్నిసార్లు విసుక్కున్నా ఆ పిల్ల ఒక్కసారీ విసుక్కోలేదు.

చందానగర్‌లో ఉండే నా స్నేహితుడు వెంకటనారాయణ అదంతా దండగన్నాడు. బండి బాగున్నంతకాలం వారంటీతో పనుండదు, పాడైనప్పుడు మాత్రం ఆ పాడైంది వారంటీలో ఉండదు అని అతని అనుభవం. నాకూ నిజమే అనిపించింది. కానీ నా బండి బాగాలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను ఆరిపోతోంది. సెల్ఫ్ నొక్కితే ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి అంటుకోదు. ఇదే షోరూం సర్వీస్ సెంటర్లో రెండుసార్లు చూపించాను. అక్కడ నిలబెడితే భేషుగ్గా తిరుగుతుంది.

మేముండేది మణికొండలో. నా కూతురు భార్గవిని రోజూ పొద్దున హైటెక్ సిటీలో దాని ఆఫీసు దగ్గర దింపుతాను. క్యాబ్ బుక్ చేస్తే వస్తానన్నవాడు రాడు, వచ్చినవాడు ఫ్లైఓవర్ కింద ఇరుక్కుంటాడు. పోయిన వారం బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది. వెనక బస్సు, దాని వెనక ఊరంతా. హెల్మెట్లోంచి నాకు వినబడిన తిట్లన్నీ వెనక కూర్చున్న భార్గవికీ వినబడే ఉంటాయి. ఆ సాయంత్రం అన్నం తింటూ చెప్పింది.

"వారంటీ అన్నా తీసుకో నాన్నా, లేకపోతే బండి అమ్మేద్దాం. నడిరోడ్డు మీద నిన్ను అట్లా తిడుతుంటే నేను చూడలేను."

అమ్మడం నావల్ల కాదు. ఆ బండి కొనమని పట్టుబట్టింది మా ఆవిడ అనసూయ. అప్పటికే ఆమె మోకాలు సరిగా వంగేది కాదు. చీరలో ఒక పక్కకు కూర్చుంటే కాళ్ళు ఆన్చడానికి కంపెనీవాళ్ళు ఇచ్చిన కడ్డీ సరిపోలేదు. మా వీధి చివర వెల్డింగ్ షాపులో వెడల్పాటి ఇనుప పలక చేయించి, చీర చక్రంలో పడకుండా ఉండే గార్డుకు అతికించాం. అనసూయ దాన్ని నా అరుగు అనేది. నాలుగు నెలలు దాని మీద కాళ్ళు పెట్టుకుని కోకాపేట దాకా గాలికి తిరిగింది. ఆ తర్వాత ఆమె లేదు.

భార్గవి జీన్స్ వేసుకుని అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంటుంది. అరుగు దాని పిక్కకు తగులుతుంది. అరుగు వేసినవాళ్ళు నాలుగు స్తంభాలు కూడా వేయాల్సింది అని దెప్పుతుంది.

దసరా ఇంకో మూడు రోజులుందనగా, భార్గవిని దింపి అటునుంచి అటే సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి వారంటీ తీసుకుందామని బయల్దేరాను. ఆ రోజు దాని ఆఫీసులో బతుకమ్మ. వాళ్ళమ్మ పట్టుచీరను భార్గవి కట్టుకుంది. మొదటిసారి ఒక పక్కకు కూర్చుంది. కాలు గాల్లో ఒక్క క్షణం వెతుక్కుని పలక మీద ఆగడం అద్దంలో కనిపించింది. దారిలో అన్ని సిగ్నళ్ళూ పచ్చగా ఉన్నాయి. ఈ ఊళ్ళో అంతకన్నా దయ అడగకూడదు.

సర్వీస్ సెంటర్ కౌంటర్లో ఉన్నతని పేరు సాయిలు. బండి నంబరు కొట్టి తెర వైపు చాలాసేపు చూశాడు.

"సార్, మీ వారంటీ పోయిన శనివారమే ఒడిసింది."

ఎలా అయిపోతుందన్నాను. దసరాకు కొన్నాం, రెండేళ్ళ వారంటీ, దసరా ఇంకా రానే లేదు.

"సిస్టంకు దసరా ఎర్కలేదు సార్. తారీఖే ఎర్క."

అప్పుడు అర్థమైంది. నిరుడు అధిక శ్రావణం వచ్చింది. పండుగలన్నీ వెనక్కి జరిగాయి. ఈ ఏడు దసరా, మేం బండి కొన్న తారీఖు దాటిపోయిన వారానికి వస్తోంది. మా ఇంట్లో తారీఖులు కరెంటు బిల్లుకే. పెళ్ళిరోజు, పుట్టినరోజు, చివరికి అనసూయ సంవత్సరికం, అన్నీ తిథి ప్రకారమే. బండిది విజయదశమి అని ఆమె క్యాలెండర్ మీద గుర్తు పెట్టింది. నేను దాన్నే పట్టుకుని కూర్చున్నాను. దసరా లోపల వస్తానని రేఖతో కూడా చెప్పాను. సరే సర్ అంది. ఆ ఒక్కరోజు ఆమె కాస్త విసుక్కుని తారీఖు చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

సాయిలు నా మొహం చూసి, గడువు దాటిన కొత్తలో అయితే బండి పరీక్ష చేసి పొడిగింపు ఇస్తారని చెప్పాడు. టోకెన్ ఇచ్చాడు. వెయిటింగ్ హాల్లో ఏసీ లేదు, టీవీకి గొంతు లేదు, కాఫీ యంత్రం మీద పనిచేయదని కాగితం. నా టోకెన్ కన్నా తర్వాతి నంబర్లు పిలుస్తున్నారు. అడిగితే అవి వేరే వరుస అన్నారు. చెమట తుడుచుకుంటుంటే, నేల తుడిచే పెద్దావిడ పోతూపోతూ స్టాండు ఫ్యాను నా వైపు తిప్పి పోయింది. నేను థాంక్స్ చెప్పేలోపే బకెట్‌తో తలుపు దాటేసింది.

చివరికి సాయిలు లోపలికి పిలిచాడు. బండి పక్కన మెకానిక్ ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. సాయిలు వంగి అరుగు చూపించాడు.

"ఇది కంపెనీ ఫిట్టింగ్ గాదు గద సార్. గిట్లుంటే పైనుంచి రిజెక్ట్ చేస్తరు."

దీనివల్ల ఇంజను ఆగిపోతోందా అని అడిగాను. కాదన్నాడు. మరి దీనికీ వారంటీకీ ఏం సంబంధమన్నాను. రూల్ అన్నాడు. నా గొంతు పెరిగింది. రెండుసార్లు వస్తే బండికేమీ కాలేదని పంపారు, నెల రోజులు ఫోన్లు చేసి గడువు తారీఖు చెప్పలేదు, ఇప్పుడు కాళ్ళు పెట్టుకునే పలక మీద పడ్డారా అన్నాను. పక్కన స్కూటర్ దగ్గర నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. సాయిలు మాత్రం తన గొంతు పెంచలేదు. గార్డుకు అతుకు ఉన్నచోట కోసేస్తే మళ్ళీ ఫొటో తీసి పంపుతానన్నాడు. ఐదు నిమిషాల పని.

ఏం చేయను? అరుగు ఉంటే వారంటీ లేదు. వారంటీ లేకపోతే బండే ఉండదు. బండి పోయాక అరుగును ఇంట్లో ఎక్కడ పెట్టుకోను? కోసేయండి అన్నాను.

మెకానిక్ గ్రైండర్ తెచ్చి ప్లగ్ పెట్టాడు. సాయిలు నన్నొకసారి, పలకనొకసారి చూశాడు. మెకానిక్‌ను చాయ్ తాగి రమ్మని పంపాడు.

"జర కూసోండి సార్. తొందరేం లేదు."

పని అయిపోతోందని చెబుదామని భార్గవికి ఫోన్ చేశాను. దాని వెనక చప్పట్లు, పాట, ఆడవాళ్ళ నవ్వులు. వారంటీ ఇస్తున్నారమ్మా అన్నాను. హమ్మయ్య అంది. అరుగు ఒక్కటి కోసేయాలట అన్నాను. చప్పట్లు దూరమయ్యాయి. నడిచి ఎక్కడికో వచ్చినట్టుంది.

"కోసేశారా?"

"ఇంకా లేదు."

"మరి సాయంత్రం నేను కాళ్ళెక్కడ పెట్టుకోవాలి నాన్నా?"

నువ్వే కదా వారంటీ లేకపోతే అమ్మేద్దామన్నావు అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. పొద్దుటినుంచీ అందరూ నాకు రూళ్ళు చెబుతున్నారు, ఇప్పుడు ఇది కూడా.

"అన్నాను. అప్పుడు చీర కట్టుకోలేదు."

"బండి ఆగిపోతే?"

"ఆగితే ఆగనీ. తిట్టేవాళ్ళను ఈసారి నేనూ తిడతా."

కోయొద్దని సాయిలుకు చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు. తనే గ్రైండర్ ప్లగ్ తీసి, వైరు చుట్టి పక్కన పెట్టాడు. బండి ఎందుకు ఆగుతోందో మాత్రం ఎవరూ చెప్పలేదు. బయట గేటు దగ్గరకు రాగానే ఫోన్ మోగింది. రేఖ. మీ వారంటీ అయిపోయింది సర్ అంది. తెలుసమ్మా అన్నాను.

సాయంత్రం భార్గవి తంగేడు పూలు తల్లో పెట్టుకుని వచ్చింది. ఒక పక్కకు కూర్చుంది. ఈసారి కాలు వెతుక్కోలేదు. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది. పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. సెల్ఫ్ నొక్కాను, అంటుకోలేదు. భార్గవి దిగుతుందేమోనని కాలు నేలకు గట్టిగా ఆన్చి పట్టుకున్నాను. అది దిగలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, రెండు కాళ్ళూ అరుగు మీదే ఉంచి, వెనక్కి తిరిగింది.

"ఆగండన్నా, ఎగిరిపోతారా?" అని బస్సు డ్రైవర్ను అడుగుతోంది.

నేను మళ్ళీ సెల్ఫ్ నొక్కాను.