నీలమ్మకు మెత్తటి అన్నం

అమావాస్య వచ్చిందంటే నీలమ్మ పేరిట అన్నం పెట్టే పని రాజమణిదే. నీలమ్మ ఆమె భర్త బీరయ్యకు మొదటి భార్య. పోయి నాలుగేళ్ళయింది. "ఇంకింత పిసుకు పిల్లా, చల్ల పోసి మెత్తగ చెయ్. పాపం, దానికి మింగుడు పడకపోయేది" అంటూ అత్త బుచ్చమ్మ పక్కనే నిలబడుతుంది. బతికుండగా ఆమె గొంతుకేమైందో చూసినవాళ్ళు లేరు, చచ్చాక ఎంత మర్యాదో!

"దయ్యం గొంతు వట్టింది, మూడు దినాలల్ల పానం పోయింది." ఆ ఇంట్లో రాజమణికి చెప్పింది అంతే.

బహదూర్‌పురాలో వాళ్ళకు ఎనిమిది బర్రెలు. పొద్దున్నే పేడ ఎత్తి, పాలు పితికి, కుడితి పెట్టి, వంట చేసి, అప్పుడు ఆమె అఫ్జల్‌గంజ్ బస్సెక్కేది. పళ్ళ దవాఖానాలో డెంటల్ హైజీనిస్టు కోర్సు, రెండేళ్ళది. గార గీకడం, చిగుళ్ళు చూడటం నేర్పుతారు. పెళ్ళప్పుడు చదివిస్తామనే ఒప్పుకున్నారు. రెండో సంబంధం మరి, ఒప్పుకోక ఏం చేస్తారు? ఇప్పుడు మాట మార్చారు. "మంది నోట్లె వెట్టిన చేత్తోని మాకు అన్నం వెడ్తవా, థూ!" అంటాడు బీరయ్య. అదే చెయ్యి రోజూ పేడలో పెడితే మాత్రం ఎవరికీ రోత లేదు.

రెండో ఏడాదికి భర్త సంతకం కావాలని ఫారం ఇచ్చారు. వారం నుంచి అడుగుతూనే ఉంది. రేపటితో గడువు సరి. "నీలమ్మ నా కలలకొస్తుంది. నోరు తెరిచి నిలవడ్తది. ఈ సదువు దానికి ఇష్టం లేదే, బంద్ చెయ్" అంది బుచ్చమ్మ. బీరయ్యకు కావలసిన సాకు దొరికింది.

ఆ రోజు క్లాసులో మేడమ్ ఒక పాఠం చెప్పింది. కింది దవడ పన్ను పుచ్చి, చీము మెడలోకి దిగితే మనిషి ప్రాణం ఎట్లా పోతుందో ఒక్కొక్కటే చెప్పింది. రాసుకుంటున్న రాజమణి కాగితం అంచున 'గొంతు, మూడు దినాలు' అని రాసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆమెకు మాత్రం అక్కడెవరో కూర్చున్నట్టే ఉంది. ఇల్లు చేరేదాకా అటు తిరిగి చూడలేదు.

బీరయ్య గడపలో కూర్చుని బీడీ తాగుతున్నాడు. "ఫారం గీరం చింపెయ్, లొల్లి పెట్టకు" అన్నాడు.

రాజమణి అతని ఎదురుగా కూర్చుంది. "దవడ కింద వాపు కట్టెలెక్క గట్టివడ్డది" అంది.

బీరయ్య తలెత్తాడు.

"నాలుక మీదికి లేసింది. ఉమ్మి గూడ మింగరాలె. పండుకుంటె ఊపిరాడక కూసునే ఉన్నది. దవాఖానకు తోల్కపొమ్మందామంటె మాట రాలె."

లోపలి నుంచి వింటున్న బుచ్చమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "సైగ చేసింది బిడ్డా! చేత్తోని నోరు సూపెట్టి సైగ చేసింది. మొగ డాక్టరు నోట్లె చెయ్యి పెడ్తడని వీడే వద్దన్నడు. నేను గూడ ఊకున్న" అని బావురుమంది.

బీరయ్య చేతిలోని బీడీ పారేశాడు. "ఎవరు చెప్పిన్రే నీకు?"

మేడమ్ చెప్పిందంటే సరిపోయేది. ఎందుకో ఆ మాటే రాజమణికి అబద్ధమనిపించింది.

"నీలమ్మక్క చెప్పింది. సంతకం పెట్టు."