కెమెరా తుడిచే మనిషి

"అమ్మా, ఆ కెమెరా కాస్త తుడిచిపెట్టు. సాయంత్రం తీసుకెళ్లి అద్దాల పెట్టెలో పెట్టాలి" అన్నాడు మా అబ్బాయి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వాడికేం తెలుసు, మామూలుగానే అన్నాడు. కానీ ఆ మాట ముప్పై ఏళ్లు విన్నాను నేను. వాళ్ల నాన్న నోట, నలుగురి మధ్య, తలొంచుకుని విన్నాను. ఆయన పోయి నాలుగేళ్లైంది, ఇక వినక్కర్లేదు కదా అనుకున్నాను. మళ్లీ అదే మాట, గొంతు కూడా అచ్చం అదే.

రేపు గ్రంథాలయం హాల్లో వాళ్ల నాన్న తీసిన ఫొటోల ప్రదర్శన. నలభై ఫొటోలు పెద్దవి చేయించి ఫ్రేములు కట్టించాడు. ఒక్కోదాని కిందా ఆయన పేరుతో అట్టముక్క. మధ్యలో ఆయన కెమెరా.

ఈ కాలంవాళ్లకి ఆ కెమెరా సంగతి చెబితేగాని తెలియదు. మడిచి ఉంటే లావుపాటి కళ్లజోడు పెట్టెలా ఉంటుంది. బొత్తం నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, హార్మోనియం తిత్తిలాంటి నల్లటి మడతలతో అద్దం ముందుకొస్తుంది. ఒక ఫిల్ము చుట్టకి పన్నెండే బొమ్మలు. వెనకాల ఎర్ర కిటికీలో అంకె చూసుకుంటూ తిప్పాలి. అదంతా ఆయనకి వచ్చు, రాదని నేననను. అసలు కష్టం పైనున్న బఠాణీ గింజంత కిటికీ దగ్గర. దాంట్లోంచి చూస్తే ఎదుటి మనిషి ఒకరి మీదనుంచి ఒకరు జారిపోయినట్టు ఇద్దరై కనిపిస్తారు. పక్కనున్న చిన్న చక్రం తిప్పుతూ పోతే ఒకచోట ఇద్దరూ ఒకరైపోతారు. అప్పుడు చక్రం మీద ఎంత దూరం పడిందో చూసి, ముందు అద్దం చుట్టూ ఉన్న రింగుని కూడా అదే అంకెకి తిప్పాలి. అది తప్పితే ముఖం అలుక్కుపోతుంది.

మా ఆయనకి అది కుదిరేది కాదు. చిన్నప్పుడు కంటికి దెబ్బ తగిలి చూపు చెదిరిందట. పెళ్లైన కొత్తలో ఒకరోజు గది తలుపేసి, కెమెరా నా చేతికిచ్చి, కిటికీలోంచి పెరట్లోకి చూడమన్నారు. "ఏమేవ్, నీకెంతమంది కనిపిస్తున్నారు?"

పెరట్లో మా అత్తగారు బట్టలారేస్తున్నారు. "అత్తగారు ఇద్దరు కనిపిస్తున్నారండీ. ఒక్కరితోనే వేగలేకపోతున్నాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నాకు నలుగురు కనిపిస్తున్నారే" అన్నారు, ఏడుపు గొంతుతో.

చక్రం తిప్పి ఒక్క అత్తగారిని చేసి చూపించాను. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నారు. ఇరవై ఏళ్లదాన్ని, మొగుడు నన్ను నమ్మి గుట్టు చెప్పాడని పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొంగిపోయిన పిల్లని పట్టుకుని రెండు తగిలించాలనిపిస్తుంది.

అప్పటినుంచీ ఏ పెళ్లికెళ్లినా, ఏ బడికెళ్లినా నేను వెంట ఉండాల్సిందే. అందరూ వరుసలో నిలబడ్డాక ఆయన కెమెరా నా వైపు చాచి "ఏమేవ్, కాస్త తుడిచిపెట్టు" అనేవారు. నేను తలమీదుగా కొంగు కప్పుకుని, దుమ్ముందేమో చూస్తున్నట్టు కంటికి ఆనించి, చక్రం తిప్పి, రింగు తిప్పి, ఆఖర్న కొంగుతో పైపైన ఒకసారి రాసి ఇచ్చేదాన్ని. నేను నిలబడ్డచోట కాలి బొటనవేలితో నేల మీద గీత గీసేదాన్ని. ఆయన ఆ గీత మీద నిలబడి నొక్కేవారు. ఒక్క అడుగు అటూ ఇటూ అయినా చెడిపోతుంది మరి.

పెళ్లిళ్లలో మగవాళ్లకి అదో వినోదం. "ఏమండీ ఫొటోగ్రాఫరుగారూ, మీ ఆవిడకి తర్ఫీదు బాగానే ఇచ్చారే, పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడుస్తోంది!"

"ఆఁ, దానికి తుడవటం, కడగటం తప్ప ఇంకేం వచ్చులెండి" అనేవారు ఈయన. నేను చక్రం మీంచి వేలు తీయకముందే.

ఒకసారి నిజంగానే ఉత్తగా తుడిచి ఇచ్చేద్దామనుకున్నాను. పన్నెండు బొమ్మలూ అలికిన గోడలా వస్తే అప్పుడు తెలుస్తుంది ఎవరికేం వచ్చో. కానీ ఎదురుగా పెళ్లికూతురు, మెడ నొప్పెట్టేలా తలెత్తుకుని నిలబడి ఉంది. ఆ పిల్లకి జన్మ మొత్తానికి ఆ ఒక్క ఫొటోయే ఉంటుందేమో. ఆమె ముఖం చూసి చక్రం తిప్పాను. ఇంటికొచ్చాక ఆయన కాళ్లు చాపుకుని పడుకున్నారు. నేను ముందు ఫొటోలు కడిగే తొట్లు, తర్వాత కంచాలు తోమాను. "వాడు పొద్దుటినుంచీ నిలబడి అలిసిపోయాడు, నువ్వు ఊరికే వెంట తిరిగొచ్చావు" అన్నారు అత్తగారు.

ఇదంతా మనసులో సుళ్లు తిరుగుతుంటే కెమెరా ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. మా కోడలు నేల మీద కూర్చుని ఫ్రేములకి అట్టముక్కలు అంటిస్తోంది. వాడు చెబితే ఆఫీసుకి సెలవు పెట్టింది. "నీకైతే సెలవు దొరుకుతుందిగా" అన్నాడట. వాడికి దొరకదట మరి.

"అత్తయ్యా, ఇది మీరే కదా? పక్కన పడేశారేం?" అంటూ ఒక ఫొటో ఎత్తి చూపించింది.

"అది వద్దులే, చెడిపోయింది" అన్నాడు అబ్బాయి. "నాన్న చేతిలో చెడిన ఫొటో అదొక్కటే. అమ్మ కదిలిపోయింది."

నేను ఒక్కదాన్నే ఉన్న ఫొటో ఈ జన్మకి అదొక్కటే. మా పుట్టింటివాళ్లు అడిగారని, వసారాలో స్టూలు పక్కన నిలబెట్టి తీశారు. "ఇలా ఇవ్వండి, నా బదులు స్టూలు చూసి సరిచేసి ఇస్తాను" అని చెయ్యి చాపాను. "నా అంతట నాకు చాతకాదనా? నిలబడు" అన్నారు. తీరా కడిగి చూస్తే అలుక్కుపోయింది. "కదలకుండా నిలబడటం కూడా రాదు నీకు" అన్నారు. చుట్టాలందరికీ చెప్పి నవ్వించారు. ఆ ఇంట్లో నన్ను కదలకుండా కూర్చోనిచ్చిందెప్పుడు గనక!

కళ్లజోడు పెట్టుకుని ఫొటో అందుకున్నాను.

"ఒరేయ్, ఇలా రా. నేను కదిలాననే అనుకో. పక్కనున్న స్టూలు కూడా కదిలిందా?"

వాడు వంగి చూశాడు. నాకెంత మసకో స్టూలుకీ అంతే మసక.

"వెనక గోడ మీద క్యాలెండరులో అంకెలు మాత్రం చదవొచ్చు" అంది కోడలు, నెమ్మదిగా.

"గోడకి సరిపెట్టారమ్మా మీ మామగారు. నాకు కాదు."

అప్పుడు చెప్పాను. నలుగురు అత్తగార్లు, కొంగు, చక్రం, బొటనవేలి గీత, అన్నీ. కోడలి చేతిలో జిగురు ఎండిపోయింది. వాడు కుర్చీలో కూలబడ్డాడు.

"ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ? నలుగురూ ఏమనుకుంటారు? అయినా నొక్కింది నాన్నేగా!"

"ఆయనే. కాదన్నానా? ఆ నలభైలో నా చెయ్యి పడకుండా తేటగా వచ్చిన ముఖం ఒక్కటి చూపించు, నోరు మూసుకుంటాను. ఆయన బతికున్నన్నాళ్లూ మాట నిలబెట్టుకున్నాను. పోయాక కూడా ఇంకా తుడవమంటే ఎలారా?"

నేను కెమెరా తుడవలేదు. దుమ్ముతోనే మడిచి తీసుకెళ్లి నా ట్రంకుపెట్టెలో చీరల మధ్య పెట్టుకున్నాను. అద్దాల పెట్టెలో ఏం పెట్టుకుంటాడో వాడిష్టం.

తిరిగొచ్చేసరికి కోడలు మిగిలిపోయిన ఫ్రేములో స్టూలు ఫొటో బిగించి ఉంచింది. ఖాళీ అట్టముక్క తీసి "ఏం రాయమంటారు అత్తయ్యా?" అంది. కలం నేనే తీసుకున్నాను. మూడో తరగతి చదువు నాది, అక్షరాలు ఇంతింత లావున వస్తాయి. మంచిదే, దూరంనుంచి కనిపిస్తాయి. ఆ నలభై అట్టలూ అలాగే ఉండనిమ్మన్నాను. ఈ ఫొటో మాత్రం గుమ్మంలోకి రాగానే కనపడేలా, అన్నింటికంటే ముందు పెట్టమన్నాను. దాని కింద రాశాను:

"ఈ గదిలో ఎవరి సాయం లేకుండా ఆయన తీసిన ఫొటో ఇదొక్కటే."