గాలాడని సూటు

గుండుసూదులు పెదవుల మధ్య బిగించి, టేపన్న నల్ల రెయిన్ సూటు మోకాలికి అతుకు వేస్తున్నాడు. మోటార్ సైకిల్ సూట్లమ్మే ఆ షాపులో కొలతల టేపు ఆయన మెడ దిగగా చూసినవాళ్లు లేరు. అసలు పేరు ఓనరమ్మకి కూడా గుర్తులేదు.

వెనక పెరట్లో చెక్క దిమ్మెకి బిగించిన పాత బండి ఒకటి ఉంది. సూటు తొడిగినవాళ్లని దాని మీద ఎక్కించి, కాసేపు ఎండలో ఉంచి, ఆపైన బకెట్టుడు నీళ్లు కుమ్మరించి చూడటం టేపన్న పద్ధతి. "అద్దం ముందు అన్ని సూట్లూ మంచివే. ఎండా వానా తగిలితే కదా గుణం బయటపడేది" అంటాడు. ఓనరమ్మకి ఆ పద్ధతి నచ్చదు గానీ, దానివల్ల జరిగే అమ్మకాలు మాత్రం నచ్చుతాయి.

మధ్యాహ్నం ఒక పెద్దమనిషి వచ్చాడు. "కొత్త బండి కొన్నానయ్యా. ఎండకీ వానకీ పనికొచ్చేది చూపించు."

ఆ గొంతు వినగానే గుండుసూదులు జారిపోయాయి. పార్సిళ్ల కంపెనీ మేనేజరు! వాన పడినా పడకపోయినా రైడర్లు కంపెనీ ప్లాస్టిక్ సూటు విప్పకూడదని నిరుడు వేసవిలో రూలు పెట్టింది ఈయనే. అందులో ఉడికిపోయి టేపన్న తమ్ముడు సిగ్నల్ దగ్గర కూలి ప్రాణం వదిలితే, పదిమందిలో "తాగి పడ్డాడు" అన్నదీ ఈయనే. తమ్ముడు జన్మలో చుక్క ముట్టి ఎరగడు. ఆ మాట విన్న అమ్మ మళ్లీ వీధి గడప దాటలేదు. మేనేజరుకి మాత్రం టేపన్న మొహమే గుర్తులేదు.

ఎండకి గాలాడే జాలీ జాకెట్టు, వానొస్తే దాని మీద పల్చటి కోటు. ఎవరడిగినా టేపన్న చెప్పే మాట అదే. ఇవాళ మాత్రం తమ్ముడు తొడిగిన రకం నల్ల సూటే తీశాడు.

"ఇది వేసుకోండి సార్. చుక్క లోపలికి పోదు."

జిప్పు గడ్డం దాకా లాగాడు. మణికట్టు పట్టీలు బిగించి, పెరట్లో మండుటెండలో బండెక్కించాడు.

"ఇంకా ఎంతసేపయ్యా?"

"తొందరేముంది సార్, కూర్చోండి."

అరగంటకి మేనేజరు మొహం కందగడ్డయింది. దిగబోయి తూలి హ్యాండిల్ పట్టుకున్నాడు. పట్టీలు విప్పుకోబోతే వేళ్లు మాట వినలేదు. ఇంకొంచెం ఆగితే ప్రాణానికి ప్రాణం చెల్లుతుంది. టేపన్న చెయ్యి జిప్పు మీదే ఉంది, కదల్లేదు. అలికిడికి ఓనరమ్మా, షాపులో ఉన్న జనమూ పెరటి గుమ్మంలోకి వచ్చారు.

"ఏంటి సార్, తాగొచ్చారా?" అందరికీ వినపడేలా అడిగాడు టేపన్న.

"లేదయ్యా, అమ్మతోడు! ఊపిరాడట్లేదు, విప్పు!"

"సిగ్నల్ దగ్గర పడిపోయిన మా తమ్ముడూ తాగలేదు సార్. ఆ మాట వీళ్ల ముందు మీ నోటితో చెప్పండి."

మేనేజరు అప్పుడు పోల్చుకున్నాడు. "తాగలేదు. ఎండదెబ్బ. మా సూటు వల్లే పోయాడు."

జిప్పు సర్రున దిగింది. టేపన్న బకెట్టు ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించాడు. కసి పూర్తిగా తీరలేదు. ఆ మనిషి తేరుకుని, తడిబట్టలతో తలదించుకు వెళ్లిపోతుంటే కూడా తీరలేదు.

"రేపట్నించి పనికి రావద్దు, టేపన్నా" అంది ఓనరమ్మ, ఎటో చూస్తూ.

"సరేనమ్మా."

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాలి. చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకురావాలి.

పెరట్లో పాత బండి మీద నల్ల సూటు బోర్లా పడి ఉంది, దాని మెడలో కొలతల టేపు.