పగటి నిద్రకో మట్టిగోడ

అందరూ నిద్రలేచే వేళకి నర్సు ఇంటికొచ్చి పడుకునేది. పడుకునేదంటే మంచమెక్కేదని మాత్రమే అర్థం. నిద్ర సంగతి వేరు.

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆమె కోరి తీసుకున్నదే. రాత్రయితే నొప్పులూ పెరుగుతాయి, భయాలూ పెరుగుతాయి, అప్పుడే పక్కన మనిషి ఉండాలని ఆమె పట్టు. మూలుగు విని అది ఏ మంచం నుంచి వచ్చిందో చెప్పేస్తుందని తోటివాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మనిషే వేరు. దిండు తిప్పేది, పక్క మారేది, కళ్ళమీద తడిగుడ్డ వేసుకునేది, విసిరికొట్టేది. మధ్యాహ్నానికల్లా లేచి వంటింటి గోడకి జారగిలబడి కూర్చునేది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. భార్య అవస్థ చూడలేక ఒకరోజు పడకగది కిటికీ అద్దాలకి పాత పేపర్లు అంటించాడు. ఎండకి ఆ పేపర్లు వెలిగాయి. నర్సు కళ్ళు మూసుకోవడం మానేసి పాత వార్తలు చదవడం మొదలుపెట్టింది. మర్నాడే అతను వాటిని చింపేశాడు.

ఆ రోజుల్లోనే అతని అక్క వాళ్ళింటికి వచ్చింది. ఆవిడ్ని ఇంటా బయటా అందరూ రంగులక్క అనేవారు. ఒంటరి మనిషి. వయసులో ఉన్నప్పటి నుంచీ నాటకాల సెట్టింగులకి రంగులు వేసింది. ప్లైవుడ్ చెక్కమీద ఆవిడ కుంచె ఆడిస్తే అది రాతి గోడయ్యేది, గడ్డి పాకయ్యేది, తుప్పు పట్టిన ఇనప గేటయ్యేది. ఆవిడ వేసిన అరుగు నిజమనుకుని ఒక నటుడు దానిమీద కూర్చోబోయి వెల్లకిలా పడ్డాడని ఇంట్లో కథలుగా చెప్పుకునేవారు. ఈమధ్యనే ఆ నాటకశాల వాళ్ళు వెనక పెద్ద తెర కట్టి, దానిమీద వెలుగుతో బొమ్మలు వేసుకోవడం నేర్చారు. ఇక రంగుల అవసరం లేదన్నారు. రంగులక్క కుంచెలు కడిగి సంచిలో వేసుకుని తమ్ముడింటికి వచ్చేసింది. ఎన్నాళ్ళుంటావని వాళ్ళూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

వచ్చిన కొద్దిరోజులకే ఆవిడకి ఇంటి పరిస్థితి అర్థమైంది. ఒక మధ్యాహ్నం వంటింట్లోకొచ్చి నర్సు ఎదురుగా చతికిలబడింది.

"నీ ఆసుపత్రి గోడలు ఏ రంగు, అమ్మాయ్?"

"తెలుపు వదినా."

"దుప్పట్లో?"

"అవీ తెలుపే. ఎందుకండీ?"

"నీ పడకగది చూసే వస్తున్నా. గోడలు తెల్లగా, నున్నగా మెరిసిపోతున్నాయి. పరదా తెల్లది. అల్మారాకి నిలువెత్తు అద్దం. కిటికీలోంచి పడ్డ ఎండ ఆ అద్దానికి కొట్టుకుని తిన్నగా దిండుమీదకొస్తోంది. నువ్వు డ్యూటీ దిగి ఇంటికి రావట్లేదు తల్లీ. ఒక వార్డులోంచి ఇంకో వార్డులోకి వస్తున్నావు."

ఇన్నేళ్ళుగా ఆ గదిలో పడుకుంటున్నా ఆ మాట నర్సుకి తట్టలేదు. శుభ్రంగా ఉండాలని కొత్తలో ఆ తెల్లరంగు ఏరి కోరి వేయించింది తనే.

"నాకొదిలెయ్యి. కొన్నాళ్ళు హాల్లో పడుకో," అంది రంగులక్క లేస్తూ. అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

ఆవిడ పనిలో పడితే ఆకలిదప్పులు ఉండవని తమ్ముడు ముందే హెచ్చరించాడు. అలాగే జరిగింది. వారం తిరిగేలోపు గది తలుపు తీసి ఇద్దర్నీ లోపలికి పిలిచింది.

మెకానిక్కు గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడలమీద తెలుపన్నది మచ్చుకైనా లేదు. నాలుగు వైపులా మట్టిగోడలు. ఎర్రమన్ను, అక్కడక్కడ గడ్డిపోచలు, ఒక మూల సన్నని పగుళ్ళు. అల్మారా పాత టేకు చెక్కలా ఉంది, ముడులతో సహా. అతను గోడ దగ్గరికెళ్ళి బయటికి పొడుచుకొచ్చిన గడ్డిపోచని లాగబోయాడు. గోరు జారింది. ఇంకోసారి గీకి చూశాడు.

"అది రంగురా," అంది రంగులక్క. "నీ చిన్నప్పుడు కూడా ఇంతే. గోడమీద నేను వేసిన ఈగని తెగ తోలేవాడివి."

నర్సు నోరెళ్ళబెట్టి చూస్తూ నిలబడిపోయింది. ఈవిడ చేతిలో ఇంత విద్య ఉందని విన్నదే కానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆ గోడల మధ్య నిలబడితే ఒంట్లో వేడి దిగినట్టే అనిపించింది. "ఎంత బాగుందో వదినా," అంది. మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు పొద్దున డ్యూటీ నుంచొచ్చి ఆశగా మంచమెక్కింది. కొంచెంసేపు బాగానే ఉంది. అలవాటుగా చెయ్యి చాపితే అరచెయ్యి గోడకి తగిలింది. చల్లగా, నున్నగా, ప్లాస్టిక్ పళ్ళెంలా తగిలింది. చూపుకి మట్టి, చేతికి అదే పాత గోడ. కళ్ళు మూసుకుంటే బొమ్మ పోయి ఆ నునుపే మిగిలింది. పొద్దెక్కేకొద్దీ ఆ రంగు కూడా ఎండకి పళపళలాడింది. మధ్యాహ్నం లేచి మొహం కడుక్కుని నవ్వుతూ బయటికొచ్చింది.

"హాయిగా పట్టింది వదినా."

రంగులక్క ఆమె కళ్ళలోకి చూసింది. ఎర్రగా ఉన్నాయి. ఆవిడ గదిలోకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ఆ మంచమ్మీద పడుకుంది. ఎంతసేపటికీ రాకపోతే నర్సు తొంగిచూసింది. రంగులక్క గోడవైపు తిరిగి, మూరెడు దూరం నుంచి తను వేసిన రంగుని చూస్తోంది.

"నా పని పక్కన నేనెప్పుడూ పడుకోలేదమ్మాయ్," అంది వెనక్కి తిరక్కుండానే. "జనం దూరంగా కూర్చుంటారు, చూస్తారు, చప్పట్లు కొట్టి ఇంటికిపోతారు. ఎవరూ వచ్చి చెయ్యి వెయ్యరు. ఇది చూసేవాళ్ళకి వేశాను. పడుకునేవాళ్ళకి వెయ్యలేదు."

"అయ్యో, నాకు నచ్చింది వదినా. నిజంగా."

"నచ్చింది. నిద్ర పట్టలేదు. రెండూ నిజమే కదా?"

సాయంత్రం మెకానిక్కు ఇంటికొచ్చేసరికి అక్క ఉలీ సుత్తీ పట్టుకుని ఆ అందమైన గోడకి గాట్లు కొడుతోంది. అతనికి ప్రాణం ఉసూరుమంది. "అక్కా, ఆ గడ్డిపోచ ఉన్న ముక్కైనా ఉంచవే," అన్నాడు. ఆవిడ ఉంచలేదు. ఈసారి నిజం మట్టే పూస్తానంది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. మట్టి బొమ్మ వేయడం వచ్చినావిడకి మట్టి పని రాదు. ఆ మాట ఆవిడే ముందుగా ఒప్పుకుంది. ఎర్రమన్ను బస్తాలు తెప్పించింది. ఇసక జల్లెడ పట్టింది. ఎండుగడ్డి కత్తిరించే పని తమ్ముడికి అప్పజెప్పింది. అతను టీవీ ముందు కూర్చుని, కత్తెర పట్టుకుని, పని ఇచ్చినావిణ్ణి తిట్టుకుంటూ బుట్టల కొద్దీ కత్తిరించాడు. రంగులక్క బాల్కనీ గోడమీద అరచెయ్యంత అరచెయ్యంత మేర రకరకాల పాళ్ళలో కలిపి పూసింది. ఇసక తగ్గినచోట నెర్రెలిచ్చింది. ఎక్కువైనచోట చెయ్యి తగిలితే రాలింది. పిండితో ఉడికించిన జిగురు కలిపిన ముక్క మాత్రం ఆరి గట్టిగా నిలబడింది. రోజూ పొద్దున నర్సు ఇంటికి రాగానే ముందు బాల్కనీలోకెళ్ళి ఆ ముక్కలన్నిటి మీదా చెయ్యి వేసి చూసేది. రంగులక్క పక్కన నిలబడి ఆమె మొహమే చూసేది.

"కళ్ళు మూసుకుని చెప్పు. ఏది?"

"ఇది గరుగ్గా ఉంది. ఇది మరీ పొడి. ఇదిగో, ఇది."

"ఎందుకని?"

"ఏమో వదినా. చెయ్యి తియ్యాలనిపించట్లేదు."

ఆ ముక్కనే ఖాయం చేశారు.

నర్సుకి సెలవు వచ్చిన రోజు బాల్కనీలో పట్టా పరిచి మట్టి కలిపారు. రంగులక్క చీర ఎగ్గట్టి మట్టిలో దిగి తొక్కుతోంది. చూస్తూ కూర్చున్న నర్సుని కూడా రమ్మంది. నర్సు తటపటాయించింది. రోజుకి ఎన్నిసార్లు సబ్బుతో చేతులు రుద్దుకుంటుందో, ఎన్నిసార్లు మందు నీళ్ళలో ముంచుకుంటుందో లెక్కలేదు. గోళ్ళలో మట్టి చేరి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. చివరికి చెప్పులు విడిచి దిగింది. చల్లటి మట్టి వేళ్ళ సందుల్లోంచి పైకి తన్నుకొచ్చింది. కాలు జారితే ఆడపడుచు భుజం పట్టుకుంది. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఆ పట్టామీద గుండ్రంగా తిరుగుతూ తొక్కారు. లోపల్నుంచి మెకానిక్కు వచ్చి, "ఏమోయ్, ఇంజక్షన్లు వేసే చేతులవి, జాగ్రత్త," అన్నాడు. భార్య పిడికెడు మట్టి తీసి చూపించింది. అతను లోపలికి పారిపోయాడు.

ఆ రోజు సాయంత్రం పడకగది గోడకి మొదటి పూత చేత్తోనే పూశారు. రంగులక్క పైన, నర్సు కింద. పైన అరచెయ్యి తిరుగుతున్న చప్పుడు వింటూ నర్సు మధ్యమధ్యలో తల ఎత్తి చూసేది. ఆవిడ వయసులో తనకంటే చాలా పెద్దది. చేతిలో ఉన్న విద్యని పక్కన పెట్టేసి, రాని పనికి చిన్నపిల్లలా కూర్చుని, పాడుచేసుకుంటూ నేర్చుకుంటోంది. అదీ తన నిద్రకోసం. ఆసుపత్రిలో ఎందరో పెద్ద డాక్టర్లని చూసింది నర్సు. తెలియదని చెప్పడానికి నోరు పెగలనివాళ్ళే ఎక్కువ.

పూత ఆరుతున్నప్పుడు గోడకి సన్నటి పగుళ్ళు వచ్చాయి. నర్సు తడిచేత్తో వాటిని పూడ్చబోయింది. రంగులక్క మాత్రం నడుం మీద చేతులు వేసుకుని వాటికేసి చూసి పగలబడి నవ్వింది.

"జీవితమంతా గోడలకి పగుళ్ళు వేసి బతికాను. అవి నిజంలా రావడానికి ఎంత తంటాలు పడేదాన్నో. ఇక్కడ వద్దన్నా వస్తున్నాయి, చూడు."

నీళ్ళు చల్లి, మళ్ళీ పైన ఒకరు, కింద ఒకరు పలచగా రెండో పూత వేశారు. అందులో రంగులక్క కొద్దిగా పసుపుమన్ను కలిపింది. తడి ఆరకముందే గుండ్రాయితో గోడంతా మెల్లగా రుద్దింది. వాన వెలిశాక నేల ఆరుతున్నప్పుడు ఉండే రంగు వచ్చింది దానికి. వెలుగు దానిమీద పడితే తిరిగి కొట్టలేదు. లోపలికి ఇంకిపోయింది.

తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటిగా గదిలోకొచ్చాయి. అద్దం హాల్లోకి పోయింది. అల్మారాకి అంటించిన మెరిసే షీటుని మీది టేకు రంగుతో సహా మెకానిక్కు ఊడబెరికితే కింద మామూలు చెక్క బయటపడింది. దానికి నూనె రాసి వదిలేశారు. పరదాకి మందపాటి నూలుగుడ్డ రెండు పొరలుగా కుట్టి, ఉల్లిపొట్టూ చెట్టుబెరడూ ఉడికించిన నీళ్ళలో అద్దారు. ఎండుటాకు రంగు తేలింది, ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా. "సమంగా రాలేదే," అన్నాడు మెకానిక్కు. "ఆకులన్నీ సమంగా ఎండుతాయేంట్రా," అంది అక్క. నేలమీద తుంగచాప పరిచారు. గంజి పెట్టని నూలు దుప్పటి వేశారు. ట్యూబులైటు తీసేసి, వెదురు బద్దలతో అల్లిన బుట్టలో చిన్న దీపం వేలాడదీశారు. అంతే. గోడమీద బొమ్మ లేదు, బల్లమీద పువ్వు లేదు. ఏదైనా ఒకటి పెడదామని నర్సు అంటే రంగులక్క ఒప్పుకోలేదు. "పడుకునే గదిలో చూడ్డానికేమీ ఉండకూడదు."

గది బాగా ఆరాక ఒక పొద్దున నర్సు స్నానం చేసి వచ్చి తలుపు తీసింది. ఎండిన మట్టి, గడ్డి, నూనె రాసిన చెక్క, అన్నీ కలిసిన వాసన. పరదా వేసి ఉంది. బయట ఎండ మండిపోతున్నా లోపల సాయంత్రంలా ఉంది. వీధి రొద కూడా దూరం జరిగినట్టుంది. చాపమీద పాదాలు ఆన్చి కాసేపు కూర్చుంది. తర్వాత పడుకుని గోడమీద చెయ్యి వేసింది. మెత్తగా, సన్నటి గరుకుతో, చల్లగానూ కాదు, వెచ్చగానూ కాదు. ఈ కింది భాగం పూసింది తనే. తన వేళ్ళ జాడ ఒకటి గుండ్రాయి కిందనుంచి తప్పించుకుని అక్కడే ఉండిపోయింది. దానిమీదే వేలు పెట్టుకుని ఉంది. ఆ తర్వాత ఏమైందో ఆమెకి తెలియదు.

లేచేసరికి తలుపవతల గుసగుసలు.

"డ్యూటీకి టైమవుతోంది అక్కా, లేపొద్దా?"

"ఇంకాసేపు ఆగు."

"ఇందాకా ఇదే మాటన్నావు. కాలింగ్ బెల్లు తీగ కూడా పీకేశావు. పాలవాడు తలుపు బాదుతున్నాడు."

"వాణ్ణీ బాదొద్దని చెప్పా. నువ్వూ మెల్లిగా మాట్లాడు."

నర్సు చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకుని వింది. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. తను ఎక్కడుందో, ఏ వేళో ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే బాగుంది. లేచి తలుపు తీసింది. జుట్టు చెదిరి, చెంపమీద దుప్పటి నేత అచ్చు పడి ఉంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ దొంగల్లా నిలబడ్డారు.

"గోడేమైనా రాలిందా?" అంది రంగులక్క. ముందు అదే అడిగింది.

నర్సు దగ్గరికెళ్ళి ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. మట్టిపనికి అరచేతులు బీటలు వారి, గోళ్ళ పక్కన చర్మం లేచిపోయి ఉంది. వెంటనే మందు డబ్బా తెచ్చి, ఆవిడ్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్క వేలికీ మందు రాసింది. "డ్యూటీకి ఆలస్యమవుతుందే," అని రంగులక్క గొణుగుతూనే ఉంది. "ఇది కూడా డ్యూటీయే వదినా, కదలకండి," అంది నర్సు.

మర్నాడు పొద్దున ఆమె ఇంటికొచ్చేసరికి ఆడపడుచు హాల్లో లేదు. పడకగదిలో మంచమ్మీద, కుంచె పట్టుకున్నట్టే వేళ్ళు మడిచి, గాఢనిద్రలో ఉంది. మొన్నటిదాకా పడ్డ శ్రమంతా ఇప్పుడు తీర్చుకుంటున్నట్టుంది. నర్సు చప్పుడు కాకుండా బట్టలు మార్చుకుని, దుప్పటి చివర ఆవిడ భుజాలమీదకి లాగి, తను మిగిలిన పక్కలో సర్దుకుంది.

మెకానిక్కు పనికి బయల్దేరబోతూ గదిలో ఉన్న పనిముట్ల సంచి కోసం తలుపు తీశాడు. ఇద్దర్నీ చూశాడు. సంచి మంచం అవతల ఉంది, ఎత్తితే లోపల పానాలు గలగలమంటాయి. తలుపు మెల్లగా దగ్గరికి వేసి, ఉత్త చేతులతోనే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.