నాలుగో రేకు

జంపక్కది టేకులపల్లి అవతల అడవి ఊరు. మెట్లెక్కితే ఆయాసమొస్తోందని ఖమ్మం దవాఖానాకు వచ్చింది. ఆమె గుండెకు స్కానింగ్ చేస్తున్న మహిమ తెర మీద చూసి నోరెళ్లబెట్టింది. మూడు రేకులుండాల్సిన కవాటానికి నాలుగున్నాయి! పుట్టుకతోనే ఇలా ఉండేవాళ్లు వేలల్లో ఒక్కరు. ఆరేళ్లుగా గుండెలు చూస్తున్న మహిమకు ఇదే మొదటిది.

"కొద్దిగ లీకే, భయంలేదు. ఏ రకమో తేల్చి రాయి మహిమా" అన్నాడు డాక్టర్ బెంజమిన్, పక్కగదికి వెళ్తూ. నాలుగూ సమానమైతే ఒక రకం, మూడు సమానమై ఒకటి చిన్నదైతే రెండో రకం. ఆ రేకులు కాస్త కుదురుగా ఉంటేగా! మహిమ తెరను ఆపుతుంది, కొలుస్తుంది, తల పట్టుకుంటుంది.

చివరికి తెరను జంపక్క వైపు తిప్పింది. ఏటా ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసి, ఏరి, కట్టలు కట్టే మనిషి కదా! "చిన్నా పెద్దా నీకంటే ఎవరికి ఎరుక జంపక్కా? నాలుగూ ఒక్కతీరు ఉన్నయా?"

"అవ్ బిడ్డా, ఒక్కతీరే" అంటూ జంపక్క చూపు తిప్పేసుకుంది. అదే క్షణంలో తెర మీద ఆమె గుండె పరుగందుకుంది. ఆ గుండెకు అబద్ధమాడటం రాదు పాపం.

"నిజం చెప్పు జంపక్కా."

"చెప్తే తీసేస్తరు గదా! ఆకు కొనే కల్లంకాడ చిన్నాకు కనబడితే కట్టలకెల్లి పీకి పారేస్తరు. నా గుండెలది గూడ గట్లనే..." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మహిమకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అయ్యో, పీకుడు లేదు, కోసుడు లేదు! రేపు చూసే డాక్టర్లకు ఎరుక ఉండాలని రాస్తం, గంతే."

జంపక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇక పాఠం మొదలైంది. "ఊగే ఆకును ఎవరన్న కొలుస్తరా? మూసుకొని ఒద్దికగ ఉన్నప్పుడు ఆపు."

మహిమ ఆపింది. మూడు పెద్దవి, ఓ మూలన బుజ్జిది ఒకటి. రెండో రకం! బెంజమిన్ వచ్చి చూసి శెభాష్ అంటే, ఆ మెప్పంతా జంపక్కకే చెందాలంది మహిమ.

"మరి ఈసారి ఆకుకు పోవచ్చా సారూ?"

"పో. మూట మాత్రం ఎత్తకు. ఏడాదికోసారి వచ్చి చూపించుకో."

జంపక్క ముఖం వెలిగిపోయింది. మంచం దిగబోతూ ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎన్ని చిన్నాకులు పీకి పారేసిన్నో బిడ్డా! గీ చిన్నది మాత్రం యాభై రెండేండ్ల సంది నన్ను మోస్తంది."