గడ్డ కరిగే మందు

మార్కాపురంలో గురునాథం పశువుల మందుల దుకాణం నడిపేవాడు. మధ్యాహ్నాలు అతని భార్య కోటిరత్నం కూడా వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. ఆ రోజు బేస్తవారిపేట వైపు నుంచి కొండమ్మ తన గొర్రెను ఆటోలో తెచ్చింది. ఆటో ఆగకముందే వాసన దుకాణంలోకి వచ్చేసింది.

"శెట్టీ, మెడ కింద గడ్డ కరుగుతాదని సూదిమందు ఇచ్చినావు. ఏందిది, చూడు!" అంటూ కొండమ్మ గోనెపట్టా తీసింది.

గడ్డ లేదు. ఆ చోట గుంట పడి, మాంసం జావలా కరిగి కారుతోంది. గొర్రె ఊపిరి పీల్చినప్పుడల్లా అందులో బుడగలు లేస్తున్నాయి. కోటిరత్నం లేచి వచ్చి చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

గురునాథం మాత్రం చేతిలోని బజ్జీ నములుతూనే ఉన్నాడు. "ఈగలు వాలి పురుగు పట్టింటాది. ఇంకా పానం ఉండాది గదా, మాంసం కొట్టోనికి ఇచ్చెయ్. మెడ కోసి పారేస్తే ఎవరికి తెలుస్తాది?"

"థూ! మనుషులు తినేదా అది?" అంది కొండమ్మ.

కోటిరత్నం లోపలికెళ్లి ఫ్రిజ్‌లోంచి ఆ మందు సీసా తీసింది. పైన అంటించిన కాగితం గోటితో గీకితే కింద ఇంగ్లీషులో అసలు సంగతి కనిపించింది. అది బాక్టీరియా నుంచి ల్యాబులో తయారుచేసిన ఎంజైమ్. పరిశోధనకు తెచ్చిన మాంసపు ముక్కల్ని కరిగించడానికి వాడతారు. మనుషులకు, పశువులకు వాడకూడదని ఎర్ర అక్షరాల్లో ఉంది.

"ఇది తెలిసే అమ్మినారా?"

"మూతపడిన ల్యాబ్ సరుకు, చవకగా వచ్చింది. మాంసాన్ని కరిగించేది గడ్డను కరిగించదా? నువ్వు గమ్మునుండు."

ఆమె సీసాలన్నీ సంచిలో వేసుకుని కొండమ్మ పక్కన ఆటో ఎక్కింది. ప్రభుత్వ పశువుల ఆసుపత్రి చేరేలోపే గొర్రె చచ్చిపోయింది. సీసా మీది రాత చదివిన డాక్టరు వెంటనే పైఅధికారులకు ఫోన్ చేశాడు. గొర్రెను పూడ్చడానికి ఆసుపత్రి వెనక గుంట తీయించాడు. కుక్కలు కూడా ముట్టకుండా కోటిరత్నం తన చేత్తోనే సున్నం పోసింది. పోస్తూ రెండుసార్లు పక్కకు తిరిగి కక్కుకుంది.

"నువ్వేం చేస్తావులే అక్కా" అని కొండమ్మ ఆమె వీపు రాసింది.

సాయంత్రానికి అధికారులు దుకాణానికి సీలు వేశారు. ఇంట్లో గురునాథం మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"ఇంకా ఎవరెవరికి ఇచ్చినారు ఆ మందు?"

"గుర్తులేదు. పరువంతా తీసినావు. కాఫీ అన్నా ఇయ్యి."

ఆమె కాఫీ గ్లాసు తెచ్చేసరికి అతను చెయ్యి చాచాడు. ఆ చెయ్యి తగులుతుందేమోనని ఆమెకు ఒళ్లు జలదరించింది. గ్లాసు కిటికీ దగ్గర పెట్టి, బేస్తవారిపేట వైపు తెలిసినవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయసాగింది.