మేస్త్రీ మోచెయ్యి

మా కోడలు తాపీ మేస్త్రీ. ఈ మాట చెప్తే అందరూ ముందు మా అబ్బాయి సంగతి అనుకుంటారు. వాడు బడి పిల్లల వ్యాను నడుపుతాడు. పరంజా ఎక్కి గోడలకు సిమెంటు పూసేది మా కోడలే. దాని పూత మీద అరచెయ్యి పెట్టి రాస్తే ఎక్కడా గరుకు తగలదు. నేను రాసి చూశాను, చుట్టాలను తీసుకెళ్ళి వాళ్ళ చేత కూడా రాయించాను. డబ్బా కొట్టుకుంటున్నానని అనుకునేవాళ్ళు అనుకోండి. ఉన్నప్పుడు కొట్టుకోకపోతే ఇంకెప్పుడు కొట్టుకుంటాం?

అలాంటి పిల్ల చేతిలోంచి ఒకరోజు తాపీ జారి కింద పడింది. ఆ సమయంలో కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. దానితో పనిచేసే మనిషి ఒకతను నా చెవిన వేసేదాకా నాకీ సంగతి తెలియదు. అప్పటినుంచి ఒక కన్నేసి ఉంచితే ఒక్కొక్కటే బయటపడ్డాయి. సీసా మూత ఎడంచేత్తో తిప్పుతోంది. తడిబట్ట పిండకుండానే తీగ మీద పడేస్తోంది. ఏమైందే అంటే, కాస్త పట్టేసింది అత్తయ్యా, అని నీళ్ళు నమిలింది. ఆ పట్టెయ్యడం ఎప్పుడో మొదలైందని తర్వాత నేనే కూపీ లాగాను.

దానికి నోరు పెగలకపోవడానికి కారణం ఉంది. పని నేర్చుకునే రోజుల్లో పరంజా మీద ఆడమనిషి అదొక్కతే. చెయ్యి నొప్పి అన్న మగవాణ్ణి టీ ఇచ్చి కూర్చోబెట్టేవారట. అదే మాట ఇది అంటే, ఇక చాల్లే అని ఇటుకలు మొయ్యడానికి కిందికి దింపేసేవారట. అందుకని పళ్ళు బిగబట్టి నిలబడటం అలవాటు చేసుకుంది. పూత పని కన్నా అదే ముందు వచ్చి ఉంటుంది.

పైగా అప్పుడే కంట్రాక్టరు దానికో పెద్ద పని ఒప్పజెప్పాడు. సభలు జరిగే హాలు, గిన్నె బోర్లించినట్టు వంపు తిరిగిన కప్పు. ఎంత బాగా చేసినా ఇన్నాళ్ళూ ఎవరో ఒక మగ మేస్త్రీ కింద చెయ్యడమే. పెద్ద మేస్త్రీగా తన కింద మనుషులను పెట్టుకుని చెయ్యడం దానికి ఇదే మొదలు. చెయ్యి సంగతి కంట్రాక్టరు దాకా వెళ్తే హాలు ఇంకొకరికి పోతుందని దాని భయం. ఇలాగే ఆ కప్పు కిందికి వెళ్తే చెయ్యే పోతుందని నా భయం.

సరే, డాక్టర్ల వేట మొదలుపెట్టాం. మొదటాయన మా వీధి చివర ఉంటారు. మోచెయ్యి నొక్కి, నొప్పా అని అడిగారు. లేదండీ అంది. పూసుకోవడానికి మందు రాసిచ్చి పంపేశారు. రెండో ఆయన ఎముకల డాక్టరు. ఎక్స్‌రే తీయించి, ఎముక శుభ్రంగా ఉందన్నారు. చెయ్యి మెలిపెట్టి, ఇప్పుడో అన్నారు. ఫర్వాలేదండీ అంది. అయితే తేడా మెడలో ఉందేమోనని మెడకు పట్టీ వేశారు. నొప్పి మోచేతికి, పట్టీ మెడకి. చూసినవాళ్ళందరికీ సంజాయిషీ చెప్పుకోలేక చచ్చాం. మూడో ఆయన కాగితాలన్నీ తిరగేసి, ఇది మనసుకు సంబంధించిందేమో, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని నా వంక చూశాడు. నాకు కడుపు మండిపోయింది. అత్తగారు పక్కన కనిపిస్తే చాలు, ఇక వేరే రోగం వెతకక్కర్లేదు కాబోలు.

ప్రతిచోటా నేను పక్కనే ఉన్నాను, ఊరికే కూర్చునే రకమూ కాదు. లోపలికి వెళ్ళగానే, మా కోడలు సామాన్యురాలు కాదండీ, నొప్పీ గిప్పీ లెక్కచేసే మనిషి కాదు, అని పరిచయం చేసేదాన్ని. వచ్చింది ఎవరో డాక్టర్లకు కూడా తెలియాలి కదా.

ఆ మూడో ఆసుపత్రిలోనే కట్లు కట్టే నర్సు ఒకావిడ మమ్మల్ని గుమ్మం దగ్గర ఆపింది. చేతులు మాత్రమే చూసే డాక్టరమ్మ ఒకరున్నారని, అక్కడికి వెళ్ళమని మెల్లగా చెప్పింది. ఆవిడ అపాయింట్‌మెంటు దొరకడం గగనమే. మా అబ్బాయి వ్యాను ఆపిన చోటల్లా ఫోన్ చేసి ఆ ఆసుపత్రివాళ్ళ బుర్ర తిని, ఎవరో రావడం మానుకుంటే ఆ ఖాళీలో మమ్మల్ని ఇరికించాడు.

డాక్టరమ్మ మొహంలో నవ్వన్నది లేదు. నా పరిచయం మాత్రం చివరిదాకా విన్నది. తర్వాత కోడలి చేత పిడికిలి బిగింపించి, మణికట్టు పైకి ఎత్తమని, తను పైనుంచి అదిమింది. నొప్పా అంది. లేదండీ అంది మా కోడలు. నుదుటి మీద మాత్రం చెమట పట్టింది. డాక్టరమ్మ ఆ చెయ్యి వదిలి నా వైపు తిరిగింది.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

నాకు ఎక్కడో కాలింది. నేను తన అత్తగారిని అన్నాను.

"తెలిసింది. మీరు ఇక్కడున్నంతసేపూ తను మీరు చెప్పిన మనిషిలాగే కూర్చుంటుంది. నాకు నొప్పి ఉన్న మనిషి కావాలి."

కోడలు కాదనలేదు, తల దించుకుంది. లేచి బయటికొచ్చాను.

వరండాలో బల్లల నిండా కట్లు కట్టుకున్న చేతులే. బొటనవేలికి ఇంత లావు కట్టుతో ఉన్న ఒక పెద్దాయన జరిగి చోటిచ్చాడు. ఇంతమందిలో నన్ను గెంటేసిందే అని కాసేపు ఉడికిపోయాను. ఉడుకు చల్లారాక ఒక్కొక్క డాక్టరు గదీ గుర్తొచ్చింది. ప్రతిచోటా ముందు నా గొప్పలు, ఆ వెంటనే దాని "లేదండీ". పరంజా మీద దాన్ని వాళ్ళు మాట్లాడనివ్వలేదు, డాక్టర్ల దగ్గర నేను మాట్లాడనివ్వలేదు.

అప్పుడే లోపలినుంచి "అమ్మా" అని ఒక కేక వినిపించింది. వరండా అంతా తలుపు వైపు తిరిగింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. కోడలు కేక పెడితే అత్తగారు సంతోషించిందని లోకం ఏమనుకున్నా అనుకోనీ.

లోపలికి పిలిచారు. కోడలి కళ్ళు తడిగా ఉన్నాయి. దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారని, మోచేతి బయటివైపు కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది దెబ్బతిందని డాక్టరమ్మ చెప్పింది. దాని వంశంలో ఎవరూ బ్యాటు ముట్టుకోలేదండీ అన్నాను. ఏ పనిముట్టయినా పొద్దస్తమానం బిగించి పట్టుకునేవాళ్ళకి వస్తుందట. కోత అక్కర్లేదు. కొంతకాలం తాపీ పట్టకూడదు, రోజూ వ్యాయామం చెయ్యాలి, ఆ తర్వాత లావు పిడి ఉన్న తాపీతో మెల్లగా మొదలుపెట్టాలి. నెలలు పట్టొచ్చు గానీ నయమవుతుందని, అయితే వచ్చినప్పుడల్లా నొప్పి ఎంతుందో ఉన్నదున్నట్టు చెప్పాలని అంది.

కోడలు కాసేపు తన అరచెయ్యి చూసుకుంది. తర్వాత అక్కడే ఫోన్ తీసి కంట్రాక్టరుకు కలిపింది.

"అన్నా, నా చెయ్యి బాగాలేదు. చాలా నొప్పిగా ఉంది. కొన్నాళ్ళు తాపీ పట్టను. కానీ హాలు కప్పు నాదే. పక్కనుండి మనవాళ్ళ చేత చేయిస్తాను, ఎక్కడ తేడా వచ్చినా నాదే పూచీ. నీకు ఇష్టమైతే ఇప్పుడే చెప్పు."

అవతల ఆయన ఏదో అన్నాడు, ఇది ఊఁ కొట్టి పెట్టేసింది. ఏమన్నాడే అంటే, ఆ వంపు ఎక్కడ తప్పుతుందో నీకు తెలిసినట్టు మిగతావాళ్ళకి తెలియదు, వచ్చి నిలబడు పెద్ద మేస్త్రీ అన్నాడట. ఆ చివరి ముక్క మళ్ళీ చెప్పించుకుని విన్నాను.

బయటికొస్తుంటే బొటనవేలి కట్టు పెద్దాయన, ఇందాక అంత కేక పెట్టింది ఎవరమ్మా పాపం అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా కోడలు తల ఎత్తి జవాబు చెప్పింది.

"నేనేనండీ. నొప్పి పుట్టింది, అరిచాను."

తను పూసిన గోడ చూపిస్తున్నంత నిబ్బరంగా చెప్పింది. గర్వంతో నాకు కళ్ళు నిండాయి. అందులో కలపడానికి నా దగ్గర ఒక్క మాటా లేదు. దాని సంచీ అందుకుని నా భుజాన వేసుకుని పక్కన నడిచాను.